గడప నుంచి గడపకు ఎన్ని గంటలు?

డాలస్‌లో ఉన్న కూతురు టికెట్లు కొని వాట్సాప్‌లో పంపిస్తుంది. నందిగామలోనో జగ్గయ్యపేటలోనో ఉన్న అమ్మానాన్నలు వాటికి జిరాక్స్ తీయించి, పాస్‌పోర్టుతో పాటు ప్లాస్టిక్ కవర్లో భద్రం చేసుకుంటారు. ఎవరైనా పలకరించి ‘ఎన్ని గంటల ప్రయాణం?’ అని అడిగితే మాత్రం, ‘ఏమోనండీ, అదంతా మా అమ్మాయే చూసుకుంటుంది’ అంటారు.

ఈ మాట వింటే నాకు బాధగా ఉంటుంది. ఎందుకంటే ఆ మాట అంటున్నది లెక్కలు రాని మనుషులు కాదు. మెట్ట పొలాల్లో పత్తి, మిర్చి పండించి, ఏ నెలలో ఏ పెట్టుబడి పెట్టాలో, వడ్డీ ఎంత అవుతుందో నోటితో చెప్పగలిగినవాళ్లు. బడుల్లో లెక్కల పాఠం చెప్పి రిటైరైనవాళ్లు. అలాంటివాళ్లు కూతురి పురుటికి వెళ్లేటప్పుడు తమ ప్రయాణాన్నే పూర్తిగా ఇంకొకరి చేతిలో పెట్టేస్తారు. అక్కడి నుంచి భయం మొదలవుతుంది. దుబాయిలో దారి తప్పుతామేమో, విమానం దాటిపోతుందేమో, అక్కడ దిగేసరికి పగలో రాత్రో అని. ఈ భయంలో ఎక్కువ భాగం లెక్క తెలియకపోవడం వల్ల వచ్చేదే. ఆ లెక్క ఐదో తరగతి లెక్క. కూడిక, తీసివేత, ఒక భాగహారం వస్తే చాలు.

ముందు దూరం

హైదరాబాద్ శంషాబాద్ నుంచి డాలస్ విమానాశ్రయానికి నేరుగా గీత గీస్తే సుమారు 14,400 కిలోమీటర్లు. భూమి చుట్టుకొలత 40 వేల కిలోమీటర్లు కాబట్టి, ఈ భూమి మీద ఏ రెండు ఊళ్ల మధ్యనైనా 20 వేలకు మించి దూరం ఉండదు. అంటే మీ అమ్మాయి ఇల్లు దాదాపు భూమికి అవతలి వైపే ఉంది.

గోడకు తగిలించిన పటం చూసి ఈ దూరాన్ని ఊహించుకోకండి. పటం మీద అమెరికా ఎడమ చివర, మనం కుడి పక్క ఉంటాం. అందుకని విమానం నేరుగా పడమరకు పోతుందనుకుంటాం. మనవడి బల్ల మీద గ్లోబు ఉంటే ఒక దారం తీసుకుని హైదరాబాద్ మీద ఒక కొస, డాలస్ మీద ఇంకో కొస పెట్టి బిగించి చూడండి. దారం పడమరకు పోదు. ఇంచుమించు నేరుగా ఉత్తరానికి ఎక్కి, ఉత్తర ధ్రువానికి దగ్గరగా, 85వ అక్షాంశం దాకా వెళ్లి అవతలి వైపు దిగుతుంది. హైదరాబాద్ 78 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద, డాలస్ 97 డిగ్రీల పడమటి రేఖాంశం మీద ఉన్నాయి. రెండూ కూడితే 175. ఇంకో ఐదు డిగ్రీలు ఉంటే ఎదురెదురుగా ఉన్నట్టే. అందుకే దగ్గరి దారి ధ్రువం పక్క నుంచి పోతుంది.

ఈ ధ్రువమార్గం కాగితం మీది ఊహ కాదు. 2021 జనవరిలో ఎయిర్ ఇండియా మహిళా పైలట్లు జోయా అగర్వాల్, పాపగారి తన్మయి, ఆకాంక్ష సోనావరే, శివానీ మన్హాస్ శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి బెంగళూరుకు ఉత్తర ధ్రువం మీదుగా ఎక్కడా ఆగకుండా వచ్చారు. దాదాపు 14 వేల కిలోమీటర్లు, సుమారు 17 గంటలు. అదే నెలలో హైదరాబాద్ నుంచి షికాగోకు నేరుగా వెళ్లే విమానం కూడా మొదలైంది. ఆ దూరం దాదాపు 13,280 కిలోమీటర్లు. కొన్నాళ్లు నడిచి ఆ సర్వీసు ఆగిపోయింది. అందువల్ల మన తల్లిదండ్రుల్లో ఎక్కువమంది మధ్యలో ఒకచోట మారి వెళ్తున్నారు.

మధ్యలో మారితే చాలా చుట్టు తిరిగినట్టని అనుకుంటారు. లెక్క చూద్దాం. హైదరాబాద్ నుంచి దుబాయి సుమారు 2,550 కిలోమీటర్లు, దుబాయి నుంచి డాలస్ సుమారు 12,900. మొత్తం 15,450. నేరు దూరం కన్నా వెయ్యి కిలోమీటర్లే ఎక్కువ. లండన్ మీదుగా వెళ్తే? అటు 7,750, ఇటు 7,630. మొత్తం 15,380. దుబాయి దారికీ లండన్ దారికీ తేడా వంద కిలోమీటర్లు కూడా లేదు. కాబట్టి ‘లండన్ మీదుగా అయితే దూరమట’ అని ఎవరైనా చెబితే కంగారుపడకండి. వేరే కారణాలతో ఎంచుకోండి, దూరం కోసం కాదు.

దూరం తెలిసింది కదా, గంటలు తేల్చడానికి ఒక సులువు. కిలోమీటర్లను 850తో భాగించి, ఎక్కడానికీ దిగడానికీ ఒక అరగంట కలపండి. దుబాయి–డాలస్ 12,900ని 850తో భాగిస్తే 15 చిల్లర, అరగంట కలిపితే దాదాపు 16 గంటలు. పెద్ద విమానం పైకెక్కాక గంటకు 900 కిలోమీటర్లకు అటూఇటూ పోతుంది గానీ, గాలి ఎదురైతే నెమ్మదిస్తుంది. చాలా ఎత్తున పడమర నుంచి తూర్పుకు వీచే జెట్ స్ట్రీమ్ అనే బలమైన గాలి ఉంది. అది వెళ్లేటప్పుడు ఎదురు తగులుతుంది, వచ్చేటప్పుడు వెనక నుంచి తోస్తుంది. అందుకే తిరుగు ప్రయాణం చాలాసార్లు గంట, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే తగ్గుతుంది.

దారులు కూడా ఎప్పుడూ ఒకేలా ఉండవు. 2025 ఏప్రిల్‌లో పాకిస్తాన్ తన గగనతలాన్ని భారతీయ సంస్థల విమానాలకు మూసేసింది. దాంతో ఢిల్లీ నుంచి పడమరకు పోయే మన విమానాలు చుట్టు తిరగాల్సి వచ్చింది. అమెరికా విమానాలు కొన్ని ఇంధనం కోసం మధ్యలో ఐరోపాలో దిగాయి. పోయినేడు వెళ్లొచ్చిన వియ్యపురాలు చెప్పిన గంటలు మీ టికెట్‌కు సరిపోకపోవచ్చు.

టికెట్ మీది గంటలు

అసలు తికమక ఇక్కడే. టికెట్ మీద ఏ ఊరి టైము ఆ ఊరిదే రాస్తారు. ఒక ఉదాహరణ తీసుకుందాం. వేసవిలో ఒక సోమవారం తెల్లవారుజామున 4 గంటలకు హైదరాబాద్‌లో బయల్దేరే విమానం. దుబాయిలో 6.30కి దిగుతుంది. చూడ్డానికి రెండున్నర గంటలు. దుబాయి మనకన్నా గంటన్నర వెనక కాబట్టి, నిజంగా కూర్చున్నది 4 గంటలు. దుబాయిలో 9 గంటలకు ఇంకో విమానం. అది అదే సోమవారం సాయంత్రం 4 గంటలకు డాలస్‌లో దిగుతుంది. తెల్లవారుజామున నాలుగు, సాయంత్రం నాలుగు. ‘పన్నెండు గంటల్లో వెళ్లిపోతాం’ అనిపిస్తుంది.

పన్నెండు కాదు, ఇరవై రెండున్నర. వేసవిలో డాలస్ మనకన్నా పదిన్నర గంటలు వెనక. అక్కడ సోమవారం సాయంత్రం 4 అంటే ఇక్కడ సోమవారం అర్ధరాత్రి దాటి 2.30. సోమవారం తెల్లవారుజామున నాలుగు నుంచి లెక్కపెట్టండి, తేలిపోతుంది.

తిరుగు ప్రయాణంలో ఇది తిరగబడుతుంది. సోమవారం మధ్యాహ్నం 12కి డాలస్‌లో ఎక్కితే హైదరాబాద్‌లో దిగేది మంగళవారం రాత్రి 8.30కి కావచ్చు. కాగితం మీద 32 గంటలకు పైగా కనిపిస్తుంది గానీ నిజం 22 గంటలే. వెళ్లేటప్పుడు మిగిలినట్టు కనిపించిన పది గంటలు ఇక్కడ అప్పు తీరినట్టు పోతాయి.

డాలస్ టైము తెలుసుకోవడానికి వేళ్లు లెక్కపెట్టక్కర్లేదు. వేసవిలో మన గడియారానికి గంటన్నర కలిపి పగలును రాత్రి చేయండి. మనకు ఉదయం 8 అయితే అక్కడ కిందటి రాత్రి 9.30. చలికాలంలో అరగంట కలిపితే చాలు, మనకు ఉదయం 8, వాళ్లకు కిందటి రాత్రి 8.30. అమెరికాలో గడియారాలు మార్చి రెండో ఆదివారం గంట ముందుకు, నవంబరు మొదటి ఆదివారం గంట వెనక్కి జరుపుతారు. మనం జరపం. ఆ రెండు ఆదివారాలు క్యాలెండర్లో చుట్టి పెట్టుకోండి. న్యూజెర్సీలో పిల్లలుంటే డాలస్ టైముకు ఇంకో గంట కలపాలి, కాలిఫోర్నియాలో ఉంటే రెండు గంటలు తీసేయాలి.

అర్ధరాత్రి తేదీ

శంషాబాద్ నుంచి విదేశాలకు పోయే విమానాల్లో చాలా భాగం అర్ధరాత్రికీ తెల్లవారుజాముకీ మధ్య లేస్తాయి. ఇక్కడ మన అలవాటు మనల్ని మోసం చేస్తుంది. మనకు రోజు సూర్యోదయంతో మొదలవుతుంది, పంచాంగమూ అలాగే చెబుతుంది. ఆదివారం రాత్రి రెండో ఆట సినిమా చూసి ఒంటిగంటకు ఇంటికొస్తే ‘ఆదివారం రాత్రి వచ్చాం’ అంటాం. విమానాల వాళ్లకు అది సోమవారం. టికెట్ మీద ‘15వ తేదీ, 00.40’ అని ఉంటే మీరు 14వ తేదీ రాత్రికే విమానాశ్రయంలో ఉండాలి. 15వ తేదీ రాత్రి భోంచేసి తీరిగ్గా బయల్దేరితే విమానం వెళ్లి ఒక రోజు దాటిపోయి ఉంటుంది. చదువుకున్నవాళ్లు కూడా ఈ పొరపాటు చేస్తారు. టికెట్ రాగానే ఎర్ర పెన్నుతో ‘ఫలానా తేదీ, ఫలానా వారం, సాయంత్రం ఇన్నింటికి ఇల్లు కదలాలి’ అని తెలుగులో పెద్దక్షరాలతో రాసుకోండి. విమానం లేచే తేదీ కన్నా ఇల్లు కదిలే తేదీ మీకు ముఖ్యం.

మంచి ఘడియ చూసుకుని కదలాలనుకునేవాళ్లకు ఒక మాట. వర్జ్యం పోయేదాకా ఆగి, ఆ తర్వాత రోడ్డు మీద కారును తరమకండి. మంచి వేళకు ఒక సంచి పక్కింట్లో పెట్టి, వీలైనప్పుడు బయల్దేరే పద్ధతి మన పెద్దవాళ్లకు ఉండనే ఉంది. నమ్మకానికి నమ్మకం, వేళకు వేళ దక్కుతాయి.

రెండు ఏర్ల మధ్య ఊళ్లు

విమానం లెక్క ఎవరైనా చెబుతారు. ఇంటి నుంచి విమానాశ్రయం దాకా లెక్క మాత్రం మనమే వేసుకోవాలి, ఎందుకంటే డాలస్‌లో ఉన్న పిల్లలకు మన రోడ్డు సంగతి మరపున పడి ఉంటుంది.

65వ నంబరు జాతీయ రహదారి మీద నందిగామ విజయవాడకు దాదాపు 50 కిలోమీటర్లు, జగ్గయ్యపేట దాదాపు 80. విజయవాడ నుంచి గన్నవరం విమానాశ్రయం ఇంకో 20. అటు శంషాబాద్‌కు కోదాడ, సూర్యాపేట, నకిరేకల్, చౌటుప్పల్ దాటి, పెద్ద అంబర్‌పేట దగ్గర ఔటర్ రింగు రోడ్డు ఎక్కి వెళ్తే జగ్గయ్యపేట నుంచి 200 కిలోమీటర్లకు అటూఇటూ, నందిగామ నుంచి మరో 30. ఆగకుండా పోతే నాలుగు గంటలు. టీకి ఆగడం, చిల్లకల్లు, కొర్లపహాడ్, పంతంగి టోల్‌గేట్లు కలిపి నాలుగున్నర వేసుకోండి. సంక్రాంతి తర్వాత ఊరి నుంచి తిరిగి వెళ్లే బండ్లతో ఈ రోడ్డు ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. కనుమ మర్నాడో ఆ పై రోజో విమానం ఉంటే నాలుగున్నరకు ఇంకో మూడు గంటలు కలపండి.

వానాకాలం సంగతి వేరు. మన రెండు ఊళ్లూ రెండు ఏర్ల మధ్య ఉన్నాయి. గన్నవరం వెళ్లాలంటే మున్నేరు దాటాలి, శంషాబాద్ వెళ్లాలంటే పాలేరు దాటాలి. 2023 జులైలో మున్నేరు పొంగి ఐతవరం దగ్గర హైవే ఎక్కింది, హైదరాబాద్–విజయవాడ రాకపోకలు ఆగిపోయాయి. 2024 సెప్టెంబరు మొదట్లో ఐతవరం దగ్గర మళ్లీ నీళ్లు, గరికపాడు దగ్గర పాలేరు ఉధృతికి వంతెన దెబ్బతింది. ఆ రోజుల్లో అటూ దారి లేదు, ఇటూ దారి లేదు. జులై నుంచి అక్టోబరు దాకా టికెట్ ఉంటే, ఖమ్మం వైపు పెద్ద వాన పడుతోందని వినగానే ఒక రోజు ముందే హైదరాబాద్ చేరి బంధువుల ఇంట్లో పడుకోండి. ఒక రాత్రి మొహమాటపడినా ఫర్వాలేదు. దాటిపోయిన విమానానికి మళ్లీ టికెట్ కొనడం లక్షల్లో పని.

‘గన్నవరం దగ్గర కదా, అక్కణ్నుంచే వెళ్లొచ్చుగా’ అని చాలామంది అడుగుతారు. నందిగామ నుంచి గన్నవరం గంటన్నర. గల్ఫ్ వెళ్లేవాళ్లకు అది మంచి దారి. 2022 అక్టోబరు 31న అక్కడి నుంచి షార్జాకు నేరు విమానం మొదలైంది. ఇలాంటి సర్వీసుల వేళలూ రోజులూ మారుతుంటాయి కాబట్టి టికెట్ కొనే ముందు చూసుకోవాలి. అమెరికాకైతే గన్నవరం నుంచి ఢిల్లీ, ఢిల్లీ నుంచి అమెరికాలో ఇంకో ఊరు, అక్కడి నుంచి డాలస్. రోడ్డు మీద మూడు గంటలు తగ్గుతాయి, విమానం మారడం ఒకటి పెరుగుతుంది. అరవై దాటినవాళ్లకు నేను రోడ్డునే ఎంచుకోమంటాను. కారులో కునుకు తీయొచ్చు, ఎక్కడైనా ఆపుకోవచ్చు. కొత్త విమానాశ్రయంలో గేటు వెతుక్కుంటూ నడవడం మోకాళ్లకూ మనసుకూ కూడా బరువే.

ఇప్పుడు మొత్తం కూడుదాం. ఆదివారం రాత్రి 7.30కి నందిగామలో ఇల్లు కదిలారు. అర్ధరాత్రికి శంషాబాద్. విమానం దాకా 4 గంటలు. డాలస్‌లో దిగేదాకా ఇరవై రెండున్నర. ఇమిగ్రేషన్ క్యూ, సామాన్లు 2 గంటలు. డాలస్ దగ్గరి ఫ్రిస్కోలో కూతురి ఇంటికి కారులో ముప్పావుగంట. శంషాబాద్ దాకా పట్టిన నాలుగున్నర కలిపితే దాదాపు 34 గంటలు. ఇందులో విమానంలో ఉన్నది 20. మిగతా 14 గంటలూ నేల మీదవే. నేరు విమానం ఉన్నా మిగిలేది ఐదు గంటలే. అందుకే ‘గంట తక్కువ విమానం’ కోసం ఎక్కువ డబ్బు పెట్టడం కన్నా నేల మీది 14 గంటలు సుఖంగా గడిచేలా చూసుకోవడం మేలు.

మధ్యలో మారే చోట

పిల్లలు సాధారణంగా తక్కువ ఆగే టికెట్ కొంటారు, అమ్మానాన్నలు త్వరగా వచ్చేయాలని. మీరు అడగాల్సింది మరోటి. మొదటి విమానం గంట ఆలస్యమైనా రెండోది అందుతుందా? దుబాయి, దోహా లాంటి పెద్ద విమానాశ్రయాల్లో మూడు నాలుగు గంటల వ్యవధి పెద్దవాళ్లకు సరిపోతుంది. రెండు గంటల లోపు అయితే వద్దని చెప్పండి. ఎనిమిది దాటితే కుర్చీలో నడుం నొప్పి తప్పదు.

రెండు విమానాలూ ఒకే టికెట్ మీద ఉన్నాయో లేదో తప్పకుండా అడగండి. ఒకే బుకింగ్ అయితే మొదటిది ఆలస్యమై రెండోది దాటిపోయినా ఇంకో విమానంలో పంపే బాధ్యత విమాన సంస్థదే. డబ్బు కలిసొస్తుందని విడివిడిగా కొంటే ఆ బాధ్యత ఎవరికీ ఉండదు.

అబుదాబి మీదుగా వెళ్తే ఒక సౌకర్యం ఉంది. 2014 నుంచి అమెరికా ఇమిగ్రేషన్ తనిఖీ అబుదాబిలోనే చేస్తున్నారు. అమెరికాలో దిగాక మళ్లీ క్యూ ఉండదు. పదహారు గంటలు కూర్చుని లేచాక క్యూలో నిలబడటం కష్టమయ్యేవాళ్లకు ఇది పెద్ద ఊరట. కాకపోతే ఆ తనిఖీకి అబుదాబిలో ఆగే సమయం ఎక్కువ ఉండాలి.

వీల్‌చైర్ అడగడానికి సిగ్గుపడొద్దు. నడవలేనివాళ్లకే అని లేదు, చాలా దూరం నడవడం కష్టమైన ఎవరైనా టికెట్‌తో పాటే అడగొచ్చు. అయితే వీల్‌చైర్ తోసేవాళ్లకు మీ గేటు, మీ టైము మీరే చెప్పగలిగితే ఆ ధీమా వేరు.

ఒక్క కాగితం

ఒక తెల్ల కాగితం తీసుకుని మూడు గళ్లు గీయండి. మొదటి గడిలో ఏం జరుగుతుంది: ఇల్లు కదలడం, హైదరాబాద్ విమానం, దుబాయిలో దిగడం, దుబాయిలో ఎక్కడం, డాలస్‌లో దిగడం. రెండో గడిలో టికెట్ మీద ఉన్న టైము. మూడో గడిలో అదే క్షణం మన ఇండియా టైములో. చేతి గడియారం డాలస్ చేరేదాకా ఇండియా టైములోనే ఉంచండి. సెల్‌ఫోను దిగిన ఊరి టైముకు తానే మారుతుంది. ఒక దాంట్లో అక్కడి టైము, ఒక దాంట్లో ఇక్కడి టైము.

మూడో గడి వల్ల ఇంకో ఉపకారం ఉంది. బీపీ, షుగరు మందులు వాడేవాళ్లు ఈ కాగితం తీసుకెళ్లి డాక్టరుకు చూపించండి. ‘ఏ మాత్ర ఎప్పుడు వేసుకోవాలి, అక్కడి టైముకు ఎప్పటి నుంచి మారాలి’ అని అడిగి, ఆయన చెప్పింది ఆ పక్కనే రాయించుకోండి. ఇన్సులిన్ తీసుకునేవాళ్లకు ఇది మరీ ముఖ్యం. మందులు చేతి సంచిలోనే ఉండాలి, చీటీతో సహా. విమానంలో నడవ పక్క సీటు అడిగి, రెండు గంటలకోసారి లేచి నాలుగడుగులు వేయండి. గంటల తరబడి కదలకుండా కూర్చుంటే కాళ్లలో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంది. అక్కడ దిగాక నాలుగైదు రోజులు పగలు నిద్ర, రాత్రి మెలకువ మామూలే. పొద్దున్నే ఎండలో నడిస్తే శరీరం త్వరగా దారికొస్తుంది.

ఆ కాగితం ఫొటో తీసి కూతురికి పంపండి. ‘అమ్మా, ఇదంతా ఎందుకు, నేను చూసుకుంటాగా’ అంటుంది. ‘నువ్వు చూడు తల్లీ, నా లెక్కలో తప్పుంటే చెప్పు’ అనండి. ఆమె తప్పు దిద్దాలే గానీ, కాగితం ఆమె రాయకూడదు. వెనక పక్క ఖాళీగా ఉంచండి, తిరుగు ప్రయాణం లెక్క అక్కడ రాయాలి. నవంబరు మొదటి ఆదివారం దాటాక తిరిగొచ్చేట్టయితే పదిన్నర బదులు పదకొండున్నర వేసుకోవడం మరవకండి.